బయటివాళ్ళ మైక్రోస్కోపు

“ఈ నానో పరిశోధనాలయం సర్కారుది, అంటే అందరిదీ! బయటి పరిశోధకులకు దీని తలుపులు ఎప్పుడూ తెరిచే ఉంటాయి!”

ఈ మాట తలుపు మీదే రాసి ఉంది. తలుపు వేసి ఉంది.

నేను కూరగాయలు పండించుకునేవాణ్ణి. నాకక్కడ పనేమీ లేదు. పని నా మేనకోడలిది. చిన్న కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూనే, మురికినీళ్ళు వడగట్టే పల్చటి పొర ఒకటి తయారుచేసింది. అందులో కంటికి ఆనని రంధ్రాలు సరిగ్గా పడ్డాయో లేదో ఇక్కడి పెద్ద మైక్రోస్కోపులోనే తెలుస్తుందట. ఇవాళ చూడకపోతే రేపటికి పొర ఎండి పగిలిపోతుంది. ఏడాది కష్టం మళ్ళీ మొదటికొస్తుంది. అందుకే పొర ఉన్న డబ్బాను పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని, పిల్లతో పాటు బస్సులో వచ్చాను.

డైరెక్టరు గారు మర్యాదస్తులు. మా ఇద్దరికీ కుర్చీలు వేయించారు.

“మైక్రోస్కోపు బయటివాళ్ళ కోసమేనమ్మా. అందుకే మావాళ్ళని కూడా ముట్టుకోనివ్వం!”

“అయితే నేను చూసుకోవచ్చా సార్?”

“ఇంతకుముందు అలాంటిది వాడిన అనుభవం ఉందా?”

“వాడనిస్తే కదా సార్, అనుభవం వచ్చేది!”

“అనుభవం లేకుండా ఎలా వాడనిస్తామమ్మా!”

ఇద్దరి మాటా న్యాయంగానే ఉంది.

అంతలో గుమాస్తా రొప్పుతూ వచ్చాడు. “సార్! నిధులిచ్చే ఆఫీసరు గారు గేటు దాటారు! బయటి పరిశోధకుల్ని చూపించాలట!”

మేనకోడలు లేచి నిలబడింది. డైరెక్టరు గారు ఆమెను దాటి నా వైపు చూశారు.

“మీరు రండి పెద్దాయనా.”

“నాకేం తెలుసు బాబూ?”

“అదే కావాలి! ఆ అమ్మాయికి తెలుసు. తెలిసినవాళ్ళు ఊరుకోరు, ఏదో ఒకటి నొక్కుతారు!”

తెల్ల అంగీ, తెల్ల టోపీ, కాళ్ళకి తెల్ల సంచులు తొడిగారు. బుద్ధెరిగాక అంత తెల్లబట్ట కట్టలేదు. మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకోమన్నారు. గాజు గోడ అవతల మేనకోడలు డబ్బా పైకెత్తి చూపిస్తోంది.

“ఎలాగూ కూర్చున్నాను, పిల్ల పొర కాస్త ఇందులో పెట్టకూడదా?” అన్నాను.

“అమ్మో! మైక్రోస్కోపు మాసిపోదూ!” అన్నారు డైరెక్టరు గారు.

ఆఫీసరు గారు వచ్చి, వంగి తెర చూశారు. తెర నల్లగా ఉంది.

“ఏం కనిపిస్తోంది?”

“ఏమీ కనిపించట్లేదండీ.”

“అద్భుతం! అంత చిన్నదాని మీద పనిచేస్తున్నారన్నమాట!” ఆయన మైక్రోస్కోపు చుట్టూ తిరిగారు. “ఇన్నేళ్ళు వాడినా గీత పడలేదే!”

“కంటికి రెప్పలా చూసుకుంటూ వాడుతున్నాం సార్!” అన్నారు డైరెక్టరు గారు.

ఫోటో తీశారు. రెండో మైక్రోస్కోపు మంజూరు చేయిస్తానని అక్కడికక్కడే మాటిచ్చి ఆఫీసరు గారు వెళ్ళిపోయారు.

డైరెక్టరు గారు నా చెయ్యి పట్టుకుని ఊపారు. ఇదే అదనని మేనకోడలు డబ్బా బల్ల మీద పెట్టింది.

“సార్, ఇప్పుడైనా నా పొర చూడనిస్తారా? ఆరిపోతోంది.”

ఆయన నిజంగానే నొచ్చుకున్నారు.

“ఎంత పనైపోయిందమ్మా! మాకు ఏడాదికి ఒక్క బయటి పరిశోధకుడు చాలు. ఈ ఏటికి మీ మావయ్యగారు వాడేశారు. మళ్ళీ నీకూ ఇస్తే, ఒకే ఇంట్లో ఇద్దరికి! లోకం బంధుప్రీతి అనదూ?”