అవ్వ పేరు మీద ఖాతా

సదానందంతో భార్య నవనీతకు ఉన్న ఇబ్బంది ఒక్కటే. కొత్త సంగతి ఏది తెలిసినా ఇంటిల్లిపాదికీ నేర్పందే ఆయనకు ముద్ద దిగదు. మెట్‌పల్లిలో విత్తనాల దుకాణం నడిపే మనిషి, ఈ మధ్య క్లౌడ్ నేర్చుకున్నాడు. ఫోటోలన్నీ ఎక్కడో పెద్ద కంప్యూటర్లలో దాచుకుంటే ఏ ఫోన్‌లోనైనా చూసుకోవచ్చట. వెంటనే తనకూ, భార్యకూ, మస్కట్‌లో సీలింగు పని చేసే తమ్ముడు ఓంప్రకాశ్‌కూ కలిపి ఒకే ఖాతా తెరిచాడు. కరెంటు మీటరూ గ్యాసూ అవ్వ అని పిలిచే తల్లి పేరు మీదే ఉన్నాయి గనక, మర్యాద తప్పకుండా దీనికీ అవ్వ కిష్టవ్వ ఫోన్ నంబరే ఇచ్చాడు.

ఆ ఆదివారం పొద్దున తన ఫోన్ ఖాళీ చేద్దామని కూర్చున్నాడు.

"ఫోటోలన్ని తీసేస్తున్న. క్లౌడ్‌ల ఎట్లాగు ఉంటయి."

"ఏదో అడుగుతుంది, జర చదువుండ్రి," అంది నవనీత.

"అది గట్లనే అడుగుతది," అని కళ్ళద్దాలు లేకుండానే 'సరే' నొక్కాడు.

చాయ్ చల్లారకముందే మస్కట్ నుంచి ఫోన్. "అన్నా, నా ఫోన్ల ఫోటోలన్ని మాయమైనయి. నేను చేసిన సీలింగులు ఇంకో గంటల మేనేజర్‌కు చూపియ్యాలె. చూపిస్తెనే ఫోర్‌మన్ పని. లేకుంటె వేరేటోనికి ఇస్తరు."

"ఫికర్ చేయకు తమ్మీ. ఎవడో దొంగ జొరబడ్డడు," అని సదానందం ఖాతాను అన్ని ఫోన్లలోనూ ఒక్కసారిగా మూసేశాడు. దొంగ సంగతేమో గాని, ఇంటివాళ్ళంతా ఖాతా బయట పడ్డారు. మళ్ళీ తెరవాలంటే కోడ్ కావాలి. అది అవ్వ ఫోన్‌కు పోయింది. అవ్వ పసుపు చేనులో ఉంది.

"అవ్వా, నీ ఫోన్ల ఒక నంబరొచ్చింది. చెప్పు."

"ఎవలు నువ్వు?"

"నీ కొడుకును. సదానందాన్ని."

"దొంగలు సుత గట్లనే అంటరట. కొడుకు గొంతుతోని అడిగినా చెప్పద్దన్నడు నా కొడుకు."

"ఆ కొడుకును నేనే అవ్వా."

"అయితె చెప్పద్దని నీకు ఎర్కే ఉండాలె," అని ఆమె ఫోన్ పెట్టేసింది.

పాఠాన్ని ఇంత బాగా ఒంటబట్టించుకున్న శిష్యురాలు సదానందానికి మళ్ళీ దొరకదు.

భార్యాభర్తలు బండి మీద చేనుకు పరుగెత్తారు. కిష్టవ్వ కొడుకు చేత హెల్మెట్ తీయించి, మొహం తేరిపార చూసి, అప్పుడు ఫోన్ చేతికిచ్చింది. ఖాతా తెరుచుకుంది. లోపల ఒక్క ఫోటో లేదు. సదానందం గట్టు మీద కూలబడ్డాడు.

నవనీత ఫోన్ తీసుకుని, ఆయన ఎన్నడూ చదవని చిన్న అక్షరాలన్నీ చదివింది. "ఒక్క ఖాతా అయితె, ఒకల ఫోన్ల తీసేస్తె అందరి ఫోన్లల్ల పోతదట. పొద్దున అడిగింది గిదే. కాని చెత్తబుట్టల కొన్ని రోజులు ఉంచుతదట."

బుట్ట తెరిచింది. జిప్సం పువ్వులు, గుండ్రటి అంచులు, అంచుల్లో దాగిన దీపాలు. ఓంప్రకాశ్ చేతిపని అంతా అందులో భద్రంగా ఉంది. నవనీత వాటిని వెనక్కి రప్పించి మరిదికి వాట్సాప్‌లో పంపుతుంటే, కిష్టవ్వ భుజం మీదుగా ఒక్కొక్కటీ చూసింది.

"గింత పనిమంతుడా నా చిన్నోడు," అంది నెమ్మదిగా. సదానందం కూడా అప్పుడే వాటిని సరిగ్గా చూశాడు.

వాళ్ళింకా చేనులో ఉండగానే ఓంప్రకాశ్ ఫోన్ చేశాడు. "పని నాకే ఇచ్చిండ్రు. ఫోటోలు చూసుకుంట మేనేజర్ కుర్సీల నుంచి లేచిండు. వదినకు దండం. అన్నా, గా దొంగ దొరికిండా?"

సదానందం నవనీత వైపు చూశాడు. ఆమె పసుపు ఆకుల వైపు చూసింది.

"దొరికిండు తమ్మీ. నేనే తీసేసిన. నాకు సగమే అర్థమైంది. తప్పు నాదే."

పెళ్ళయిన నాటి నుంచి నవనీత ఎదురుచూసిన ఆ మాటను ఎవరూ రికార్డు చేయలేదు.