ఏడు మలుపుల చుక్కల గీత

ఆ సోమవారం పొద్దున మ్యాపుగారు పెట్టుకున్న పనులు రెండే. సొరుగులో ముప్పయ్యేళ్లుగా పేరుకుపోయిన పెన్సిల్ ముక్కల్ని పారేయడం, పదకొండింటికి టీ తాగడం. సర్వే ఆఫీసులో పటాలు గీసే ఆ పెద్దమనిషిని అందరూ మ్యాపుగారనే పిలుస్తారు. రిటైర్మెంటు వారంలోకి వచ్చింది. ఆ వారం ఎవరి కంటా పడకుండా గడిచిపోతే చాలని ఆయన కోరిక.

పెన్సిల్ ముక్కలు సగమైనా తీయకముందే కొత్త ఆఫీసరమ్మ ఆయన బల్ల ముందుకొచ్చి నిలబడింది.

"ఆదివారం బస్సు మాట్లాడాను. ఆఫీసంతా కలిసి మీ అఖాతానికి వెళ్తున్నాం. మీ పటం పట్టుకుని, మీ వెనకే దిగుతాం. మీ వీడ్కోలు సభ అక్కడే. మీ ఇంట్లో కూడా చెప్పేశాను, ఆవిడ ఎగిరి గంతేశారు!"

మ్యాపుగారి చేతిలో పెన్సిల్ ముక్క కిందపడింది.

ఉత్తర తీరంలో కొండలు నిట్టనిలువుగా సముద్రంలోకి దిగేచోట ఓ అఖాతం ఉంది. చుట్టూ బండలు, పైన గాలి, ఏడాదిలో సగం రోజులు పొగమంచు. ఇరవై రెండేళ్ల కిందట, కిందికి దిగే కాలిబాట ఎక్కడుందో కనుక్కుని పటంలో గుర్తించమని మ్యాపుగారిని అక్కడికి పంపారు. ఆయన అంచుదాకా వెళ్లి కిందికి ఒకసారి తొంగిచూశారు. అంతే, వెనక్కి తిరిగారు. తిన్నగా వచ్చి దగ్గర్లో ఉన్న ఒకే ఒక్క టీ కొట్లో కూర్చున్నారు. పట్టుకున్న వాన తగ్గలేదు, ధైర్యం రాలేదు. నాలుగో రోజున ఆ కొట్లోనే బల్ల మీద పటం పరిచి, పైనుంచి ఇసుక దాకా ఏడు మలుపులతో ముచ్చటగా ఓ చుక్కల గీత గీసేశారు. పటాల్లో చుక్కల గీతంటే కాలిబాట అని అర్థం.

అంతటితో ఆగినా బాగుండేది. ఇంటికొచ్చాక, "కింద ఎలా ఉందండీ?" అని భార్య అడిగితే, తెల్లటి ఇసుకనీ, ఆ నిశ్శబ్దాన్నీ గంటసేపు వర్ణించారు. ఆవిడ మూడో తరగతి టీచరు. ఆ పటాన్ని తరగతి గోడకి తగిలించి, ప్రాణాలకు తెగించి దారి కనుక్కున్న తన భర్త కథని ఏటా పిల్లలకు చెబుతూ వచ్చింది. ఇరవై రెండు బ్యాచీల పిల్లలు ఆ కథ విని పెద్దవాళ్లయ్యారు. ఉద్యోగం పోయినా మ్యాపుగారు తట్టుకునేవారు. కానీ ఆ దారి అబద్ధమని తెలిసిన రోజున ఆవిడ తన వంక ఎలా చూస్తుందో తలుచుకుంటే మాత్రం ఆయనకు అన్నం సయించేది కాదు.

"కొండచరియలు విరిగి రోడ్డు మూసుకుపోయిందట మేడమ్," అన్నారు మ్యాపుగారు.

ఆఫీసరమ్మ అప్పటికప్పుడే రోడ్ల ఇంజనీరుకి ఫోను చేసింది. "మాకు కబురు లేదు. అయినా మ్యాపుగారు చెప్పారంటే అయ్యే ఉంటుంది. మట్టి తవ్వే యంత్రం తీసుకుని నేనే వస్తాను," అన్నాడాయన.

బుధవారం మ్యాపుగారు కుంటుతూ ఇంటికొచ్చారు. "మోకాలు పట్టేసిందే. నేను రాలేనేమో." ఆయన సోఫాలో కూలబడే లోపే భార్య తన తమ్ముడిని పిలిపించింది. అతను ఎముకల ఆసుపత్రిలో కట్లు కడతాడు. కట్టడానికి ఎవరూ దొరక్కపోతే ప్రాణం ఉసూరుమనే మనిషి. "మీరు అడుగు కింద పెట్టక్కర్లేదు బావగారూ! అంబులెన్సు తెస్తాను. స్ట్రెచరు మీద మలుపు మలుపుకీ ఊపుకుంటూ దింపుతాం," అని మోకాలికి రెండడుగుల కట్టు కట్టాడు.

శుక్రవారం మ్యాపుగారు ఆఖరి ప్రయత్నంగా, "అక్కడి అలలు మనుషుల్ని లాక్కుపోతాయి మేడమ్," అన్నారు. ఆఫీసరమ్మ కళ్లు పెద్దవి చేసి విని, ఫైరింజను మాట్లాడింది.

ఆదివారం పొద్దున్నే బస్సు, దాని వెనక మట్టి యంత్రం, అంబులెన్సు, ఫైరింజను బయల్దేరాయి. దారిలో చూసినవాళ్లు ఎవరో అఖాతంలో పడిపోయారనుకున్నారు. ఒక పోలీసు జీపు వెంటపడింది. దాని వెనక విలేకరి మోటారు సైకిలు. ఆ వెనక, ఎవరు పడ్డారో తెలియకుండా ఊరుకోలేని వాళ్లు ఓ ముప్పై మంది. నడుమ ఒకచోట నిజంగానే నాలుగు రాళ్లు రోడ్డు మీదికి దొర్లి ఉన్నాయి. "చూశారా, ఆయన మాటంటే మాటే!" అని ఇంజనీరు బస్సులోకి తొంగిచూసి దణ్ణం పెట్టాడు. మ్యాపుగారు కిటికీ వైపు తిరిగిపోయారు.

కొండ అంచున పొగమంచు. చెయ్యి చాపితే వేళ్లు కనపడటం లేదు. ఫైరువాళ్లు తాళ్లు విప్పుతున్నారు, బావమరిది స్ట్రెచరు పరుస్తున్నాడు, యంత్రం డ్రైవరు ఎక్కడ తవ్వాలని అరుస్తున్నాడు, పడినవాడి పేరేమిటని పోలీసాయన పుస్తకం తీశాడు. భార్య మాత్రం కొత్త చెప్పులేసుకుని, మడత విప్పిన పటం పట్టుకుని, "మొదటి మలుపు ఎటండీ?" అని అడిగింది. ఆ అడగడంలో ఎంత నమ్మకముందో! మ్యాపుగారు ఇక భరించలేకపోయారు.

"ఆగండి! ఇక్కడ దారి లేదు. నేను ఏనాడూ కిందికి దిగలేదు. ఆ చుక్కలన్నీ టీ కొట్లో కూర్చుని పెట్టాను."

యంత్రం కూడా ఆగింది. భార్య పటం వంక చూసింది, ఆయన వంక చూసింది. "బడిలో పిల్లలకి..." అంటూ ఆగిపోయింది. మ్యాపుగారికి భూమి చీలితే బాగుండుననిపించింది. పక్కనే అంచు ఉంది కాబట్టి ఆ కోరిక బయటికి అనలేదు.

అంతలో వాళ్ల పాదాల దగ్గర పొగమంచులోంచి ఓ టోపీ పైకొచ్చింది. టోపీ కింద లావుపాటి ఆవిడ, ఆవిడ భుజాన బుట్ట, వెనక ఆయాసపడుతూ ఆవిడ భర్త.

"కాస్త తప్పుకుంటారా? దారికి అడ్డంగా నిలబడ్డారు," అందావిడ.

అందరూ పక్కకి జరిగారు. తర్వాత భార్య అందుకుంది. "మోకాలు నొప్పయితే నొప్పి అని చెప్పండి! దిగలేక ఇంత అబద్ధమా? నా గుండె ఆగినంత పనయింది!"

"ఎంత వినయమండీ మీకు!" అని ఆఫీసరమ్మ కళ్లు తుడుచుకుంది. ఎవరూ పడనందుకు విలేకరి ఒక్కడే నొచ్చుకున్నాడు.

దారి ఉంది. రాతిని తొలిచిన మెట్లు. మ్యాపుగారు స్ట్రెచరు వద్దని, కలలో నడుస్తున్నట్టు దిగారు. ఒకటి, రెండు, మూడు... తను గీసినచోటల్లా మలుపు ఉంది. అయిదో మలుపులో కాలు జారి, మోకాలు నిజంగానే పట్టేసింది. బావమరిది సంతోషానికి హద్దు లేకపోయింది.

కింద బండ పక్కన టీ కాస్తున్న ముసలమ్మ ఆయన్ని చూసి గరిటె దించింది. "మీరా బాబూ! నాలుగు రోజులు నా కొట్లో బల్ల వదలని మనిషి!"

"ఈ దారి ఎక్కడిదమ్మా?" అన్నారు మ్యాపుగారు.

"మీదే! మీరెళ్లిన ఏడాది నుంచి జనం ఆ కాగితం పట్టుకుని రావడం మొదలెట్టారు. దారి లేదు నాయనా అంటే ఒక్కడు వింటేగా! సర్కారు కాగితంలో ఉంది, నీకేం తెలుసని నన్నే కసిరేవాళ్లు. పోయి బండల్లో ఇరుక్కునేవాళ్లు. వాళ్లని పైకి లాగలేక మా ఊరివాళ్ల నడుములు విరిగాయనుకోండి. ఇలా కాదని గడ్డపారలు పట్టుకుని, మీ కాగితం చూసుకుంటూ తవ్వేశాం. మూడో మలుపులో పెద్ద బండ అడ్డొచ్చింది. పక్కనుంచి పోదామంటే మా ఆయన ఒప్పుకోలేదు, కాగితంలో అలా లేదని. ఆరు నెలలు కొట్టాం ఆ బండని!"

మ్యాపుగారు తల దించుకున్నారు. తన నాలుగు చుక్కల కోసం ఎవరెవరి అరచేతులు బొబ్బలెక్కాయో అనుకుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. "తప్పు చేశానమ్మా."

"చేశారు. అయితే ఇప్పుడు మా పడవలు ఇక్కడే ఆగుతున్నాయి. ఇదివరకు ఆ కొండ చుట్టి పోయేవాళ్లం, అలల్లో మనుషులు పోయేవాళ్లు." ముసలమ్మ గ్లాసు చేతికిచ్చింది. "తాగండి, చల్లారిపోతుంది."

ఆయన టీ తాగలేదు. ముసలమ్మని చెయ్యి పట్టుకుని భార్య దగ్గరికి తీసుకెళ్లారు. "ఈమెకి చెప్పమ్మా. ఉన్నది ఉన్నట్టు చెప్పు."

ముసలమ్మ ఆవిడ కొత్త చెప్పుల్నీ, గుండెలకి హత్తుకున్న పటాన్నీ చూసింది. "ఏముంది తల్లీ. ఆయన గీయకపోతే ఈ దారే లేదు," అంది.

భార్య మొహం వెలిగిపోయింది. మ్యాపుగారు పక్కనే బండ మీద కూలబడ్డారు. ఎదురుగా సముద్రం బండల్ని చెడామడా కొడుతోంది. ఇసుక తెల్లగా లేదు, నిశ్శబ్దం అసలే లేదు.

"నిజంగానే నేనిక్కడికి ఇదే మొదటిసారి రావడం," అన్నారు మెల్లిగా.

"ఇంక ఊరుకోండి," అంటూ ఆవిడ కట్టు కట్టిన మోకాలిని నిమిరింది. "ఇన్నేళ్ల కాపురంలో మీరు నాతో ఆడిన అబద్ధం ఇదొక్కటే. క్షమించేశాను."