మ్యూట్‌లో గెలిచిన డిబేట్

"డిబేట్ గెలిచేది స్టేజి మీద కాదు, మన బొటనవేళ్ల మీద!"

అమెరికాలో, ఎడిసన్ పక్క టౌన్‌లో, తన ఇంటి బేస్‌మెంట్‌లో, సమోసాల ట్రే పక్కన నిలబడి ఉమాకాంత్ ఈ చారిత్రక ప్రకటన చేశాడు. మేయర్ పదవికి నిలబడ్డ బ్రాడ్లీ గారికి తెలుగు సోషల్ మీడియా కమాండర్ ఆయనే. ఎవరూ నియమించలేదు. మహానుభావులను ఒకరు నియమించాలా?

డిబేట్ మొదలవగానే టీవీని మ్యూట్ చేశాడు. మాటలు వినబడితే పోస్టుల మీద ఏకాగ్రత కుదరదట.

సోఫా చివర చాముండేశ్వరి గతుక్కుమంది. గ్రోసరీ స్టోర్‌లో కౌంటర్ ఉద్యోగం ఆమెది. కారు లేదు, టౌన్ బస్సే దిక్కు. ఆ బస్సు ఉంటుందో ఊడుతుందో ఇవాళ తేలుతుందని వచ్చింది.

"తమ్ముడూ, కాస్త సౌండ్ పెట్టవా? బస్సు సంగతి అడుగుతారట."

"గ్రూప్ చూడండక్కా. అన్నీ లైవ్‌లో వస్తాయి."

చూసింది. 'బ్రాడ్లీ టై కేక!' 'అవతలాయన నీళ్లు తాగాడు, భయపడ్డాడు!' ఆ నీళ్ల క్లిప్‌కి ఉమాకాంత్ ఏడుపు మ్యూజిక్ తగిలించి వదిలాడు. టీవీ సౌండ్‌తోనే చూస్తున్న పక్కింటివాళ్లు కూడా 'పాపం, వణికిపోయాడు' అని మెసేజ్ పెట్టారు. చెవుల మీద ఇంత ఘనవిజయం మరొకరికి సాధ్యమా?

"మన బ్రాడ్లీ బస్సు గురించి ఏమన్నాడు?"

"చింపేశాడక్కా! పోస్టు కింద ఎన్ని నిప్పు బొమ్మలో చూడండి!"

"ఉంచుతానన్నాడా, తీసేస్తానన్నాడా?"

"ఆ కాన్ఫిడెన్స్ చూడండక్కా!"

డిబేట్ అవకముందే గెలుపు కేక్ కోశారు. "మంగళవారం అందరం ఓట్లు గుద్దేయాలి!" అన్నాడు ఉమాకాంత్.

"అన్నా, నాది ఎఫ్-వన్ స్టూడెంట్ వీసా కదా, ఓటెక్కడిది?" అన్నాడు మాస్టర్స్ చదివే అనీష్.

"నాకు గ్రీన్ కార్డే రాలే," అన్నాడు శ్యామ్‌సుందర్. "అయినా నీకుందా ఓటు?"

కమాండర్ గొంతు సవరించుకున్నాడు. "నాది... హెచ్-వన్ వీసా ఎక్స్‌టెన్షన్‌లో ఉంది."

మొన్ననే సిటిజన్ అయి ఓటు తెచ్చుకుంది చాముండేశ్వరి ఒక్కతే. బేస్‌మెంట్ మొత్తం ఆమె వైపు తిరిగింది. రిక్లైనర్ ఖాళీ చేసిచ్చారు. పువ్వున్న కేక్ ముక్క చేతిలో పెట్టారు.

"ఆ రిమోట్ ఇటివ్వు తమ్ముడూ."

డిబేట్‌ని బస్సు ప్రశ్న దాకా వెనక్కి తిప్పి సౌండ్ పెట్టింది. బ్రాడ్లీ గారు చిరునవ్వుతో అంటున్నారు: "నేను గెలిచిన వెంటనే చేసే మొదటి పని, ఆ బస్సు రద్దు!"

ముందు తేరుకున్నవాడు ఉమాకాంతే.

"ఎంత ధైర్యమక్కా ఆయనకి! మంగళవారం పోలింగ్‌కి నేనే డ్రాప్ చేస్తా. కార్లో, దర్జాగా!"

చాముండేశ్వరి లేచి చెప్పులు తొడుక్కుంది.

"ఎందుకులే తమ్ముడూ. బస్సుండగానే వెళ్లి వేసొస్తా."