దారిదీపంగారి మూడో మెట్టు

"కొత్తవాళ్ళను చేయి పట్టుకుని నడిపించడానికే నేను పుట్టాను!"

ఇంత ఘనమైన ప్రకటన చేసినవారు టీమ్ లీడుగారు. చేసింది ఆదివారం పొద్దున, కాఫీ చల్లారకముందే, ఫోన్లో, అందరూ చదివేలా. పది నిమిషాల్లో నాలుగు వందల మంది చప్పట్లు కొట్టారు. తానెందుకు పుట్టిందీ ఆయనకు నలభై రెండేళ్ళ తర్వాత ఉన్నట్టుండి తెలియడానికి ఒక కారణం ఉంది. ఆఫీసులో డైరెక్టరు పదవికి దరఖాస్తు పెట్టుకున్నారు. అందులో అన్ని గళ్ళూ నిండాయి గానీ, "ఆఫీసు బయట, ఉచితంగా, ఎవరికైనా ఏమైనా నేర్పారా?" అన్న గడి ఒక్కటే బోసిగా మిగిలిపోయింది.

ఆ గడి కోసం ఆయన ఒక ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో మెంటరుగా చేరారు. గ్రంథాలయాల్లో ఎవరు ఏ పుస్తకం తీసుకెళ్ళారో చూసుకునే సాఫ్ట్‌వేర్ అది. ఒకరి సొత్తు కాదు, ఎవరైనా బాగుచెయ్యవచ్చు. అక్కడ ముఖాలుండవు, మారుపేర్లే. కొత్తవాళ్ళు ఏ మార్పు పంపినా మెంటరు చదివి, కింద "అంగీకారం" అనో "మార్పులు కావాలి" అనో రాయాలి. అంగీకారం పడిందా, ఆ మార్పు తిన్నగా అన్ని గ్రంథాలయాలకూ వెళ్ళిపోతుంది. మూడు నెలలు నిలబడిన మెంటరుకు "ఉత్తమ మార్గదర్శి" పత్రం ఇస్తారు. లీడుగారు తనకు "దారిదీపం" అని పేరు పెట్టుకున్నారు. ఆ సాఫ్ట్‌వేర్‌ను మాత్రం తన కంప్యూటర్లో ఎక్కించుకోలేదు. దీపం దారి చూపిస్తుంది గానీ, తాను నడవదు కదా!

ఆ పూటే అత్తగారు ల్యాప్‌టాప్ పట్టుకుని హాల్లోకి వచ్చారు. ఆవిడ ముప్పై ఏళ్ళు లైబ్రేరియన్‌గా పనిచేసి, రిటైరై, కూతురింట్లో ఉంటున్నారు.

"అల్లుడుగారూ, ఇందులో ఒకటి ఎక్కించుకుందామని చూస్తున్నా. కాస్త చూపిస్తారా?"

"ఈ వయసులో మీకెందుకండీ ఆ తలనొప్పి? హాయిగా టీవీ చూసుకోండి. కొత్తవాళ్ళకి నేర్పించే పనిలో నాకు ఊపిరాడటం లేదు."

"సరే బాబూ" అని ఆవిడ తన గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నారు.

అరగంటలో దారిదీపానికి మొదటి శిష్యుడు దొరికాడు. మారుపేరు "చీమ".

"నమస్కారమండీ. ఎక్కించుకునే పద్ధతిలో మూడో మెట్టు దగ్గర ఆగిపోయాను. ఏం చెయ్యమంటారు?"

మూడో మెట్టు ఎలా ఉంటుందో లీడుగారికి తెలియదు. ఆ మాటకొస్తే మొదటిదీ తెలియదు. "మంచి ప్రశ్న! వెతికి తెలుసుకున్నదే మనసులో నాటుకుంటుంది. డాక్యుమెంటు మళ్ళీ చదవండి" అని రాసి పంపారు. ఆ వాక్యం ఆయనకే ఎంత నచ్చిందంటే, కాపీ చేసి దాచుకుని, ఆ తర్వాత చీమ ఏమడిగినా అదే అతికించారు.

చీమ మొండిది. వారం రోజులు తంటాలు పడి, మూడో మెట్టులో డాక్యుమెంటే తప్పని కనిపెట్టి, సరిచేసి పంపింది. మొదటిదానికే ఒప్పేసుకుంటే గురువుకు బరువేముంటుంది? లీడుగారు చదవకుండానే "మార్పులు కావాలి" అని రాసి దాన్ని మూలన పడేశారు. ఆ తర్వాత వచ్చినవాటన్నిటికీ, అదీ చదవకుండానే, "అద్భుతం! అంగీకారం" అని కొట్టుకుంటూ పోయారు. మంగలి కుర్చీలో కొన్ని, మీటింగుల్లో కొన్ని.

రెండున్నర నెలలు గడిచాయి. ఒకరోజు భోజనాల దగ్గర ఆయన భార్యతో గొప్పగా చెప్పారు.

"నా దగ్గర చీమ అని ఓ కుర్రాడున్నాడు. సున్నా నుంచి తయారుచేశాను. పంపిన ప్రతి అక్షరం చదువుతాను తెలుసా?"

అత్తగారికి పొలమారింది. కూతురు నీళ్ళందించింది.

మర్నాడు చీమ నలభై లైన్ల మార్పు పంపింది. లీడుగారు లిఫ్టులో, మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య, "అద్భుతం! అంగీకారం" అన్నారు. సాయంత్రానికల్లా ఏ గ్రంథాలయంలో ఎవరు పుస్తకం తీసుకోబోయినా తెర మీద ఒకటే మాట: "గురువుగారూ, ఇది చదివితే తీసేయమని చెప్పండి." ఒక లైబ్రేరియన్ అది పై అధికారుల ఆజ్ఞ అనుకుని, ఎవరు ఏ పుస్తకం అడిగితే దాన్ని అరలోంచి శాశ్వతంగా తీసేస్తూ పోయాడట!

ప్రాజెక్టు నిర్వాహకురాలి నుంచి రెండు ముక్కల్లో ఉత్తరం వచ్చింది. "అంగీకరించింది మీరు. ఆదివారం లోపు మీ చేత్తో సరిచేసి పంపకపోతే పత్రం ఉండదు." సోమవారమే డైరెక్టరు పదవికి ఇంటర్వ్యూ. పత్రం లేకపోతే ఆ గడి మళ్ళీ బోసి!

ఆదివారం పొద్దున లీడుగారు చెమటలు కక్కుతూ మొదటిసారి ఆ సాఫ్ట్‌వేర్ ఎక్కించుకోవడానికి కూర్చున్నారు. ఒకటో మెట్టు ఎక్కారు. రెండోదీ ఎక్కారు. మూడో మెట్టు దగ్గర ఆగిపోయారు. దాన్ని సరిచేస్తూ చీమ పంపిన మార్పు తాను మూలన పడేసినచోటే ఉందని ఆయనకు గుర్తు కూడా లేదు. వేరే దారి లేక శిష్యుడికే రాశారు. "చీమగారూ, మూడో మెట్టు దాటడం ఎలా?"

పక్క గదిలో "టింగ్" మంది.

జవాబు వచ్చింది. "మంచి ప్రశ్న! వెతికి తెలుసుకున్నదే మనసులో నాటుకుంటుంది."

"దయచేసి చెప్పండి" అని మళ్ళీ పంపారు. పక్క గదిలో మళ్ళీ "టింగ్". లీడుగారు లేచి, ఒక చేత్తో ఫోన్లో చుక్క ఒకటి పంపుతూ, రెండో చేత్తో తలుపు తోశారు. టింగ్! కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని అత్తగారు తలెత్తారు.

"మీరా అత్తయ్యగారూ?"

"చదువుతారనుకున్నాను బాబూ. నలభై లైన్లే కదా" అన్నారావిడ నొచ్చుకుంటూ. "పాపం, అక్కడ లైబ్రరీల వాళ్ళని ఇబ్బంది పెట్టాను. కుర్చీ లాక్కోండి. మూడో మెట్టు దగ్గర అందరూ ఆగుతారు."

ఆవిడ కీబోర్డు ముట్టుకోలేదు. తప్పు నొక్కితే విసుక్కోలేదు. గంటన్నరలో మూడో మెట్టు దాటించి, తెర మీది ఆ మాటను ఆయన చేతే తీయించి, ఆయన చేతే పంపించారు. లీడుగారికి నిజంగానే సిగ్గేసింది. ఇన్నాళ్ళూ తనకెవరూ ఇంత ఓపిగ్గా నేర్పలేదనిపించి కళ్ళు చెమర్చాయి. ఆ చెమ్మ ఆయన హాల్లోకి వచ్చి ఫోన్ తీసేదాకా ఉంది.

"ఈ రోజు నా జీవితంలో మరచిపోలేనిది! టీవీ తప్ప వేరే లోకం తెలియని మా అత్తగారి పక్కన కూర్చుని, చేయి పట్టుకుని, ఈ వయసులో మూడో మెట్టు దాటించాను. నేర్పే మనసుండాలే గానీ, వయసొక లెక్కా!"

చప్పట్లు మొదలయ్యాయి. పక్క గదిలో "టింగ్" మంది. కాసేపటికి ఆ ప్రకటన కింద చీమ రెండే మాటలు రాసింది.

"మార్పులు కావాలి."