లా లైబ్రరీలో ఏసుమణి హాజరు

ఆ రెండో శనివారానికి ఏసుమణి వేసుకున్న పథకం చాలా చిన్నది. కోర్టుకు సెలవు కాబట్టి కూతురు క్రిస్టినా ఇంట్లోనే ఉంటుంది. పొద్దున ఉగ్గాని, మిరపకాయ బజ్జీ చేసి పెట్టాలి. ఆ తర్వాత ఇద్దరూ వెళ్లి ఊరగాయకు మామిడికాయలు కొట్టించుకొని రావాలి. అంతే. అయితే పథకం ఎంత చిన్నదైనా దాంట్లో ఎక్కడో ఒక ఆపద దాక్కొని ఉంటుందని ఏసుమణి నమ్మకం. కాయలు కొట్టేవాడి కత్తి జారవచ్చు. వచ్చేటప్పుడు ఆటో బోల్తా పడవచ్చు. ఏడో తరగతితో చదువు ఆగిపోయిన ఆమెకు లెక్కలు అంతగా రావు గానీ, చిన్న సంగతి నుంచి పెద్ద ప్రమాదానికి ఎన్ని మెట్లో మాత్రం నోటికి వచ్చు. ఎప్పుడూ మూడే. చర్చికి బయల్దేరినా వీధి మలుపు దాకా వెళ్లి, వెనక్కి వచ్చి, గ్యాస్ కట్టేసిందో లేదో చూసుకొని, మళ్లీ మలుపు దాకా వెళ్లి, ఇంకోసారి వచ్చి చూసుకునేది. కర్నూలును ఆనుకున్న కల్లూరులోని ఆ వీధివాళ్లకు ఆదివారం గడియారంతో పనే ఉండేది కాదు.

తొమ్మిదిన్నరకు క్రిస్టినా నోటుబుక్కు, రెండు పెన్నులు సంచిలో వేసుకొని చెప్పులు తొడుక్కుంది.

"యాడికి పోతాండావు పాపా?"

"క్లాసుకు మా. లా లైబ్రరీలో ఉండాది."

"ఎవరికి చెప్తావు?"

"చెప్పేది కాదు మా, వినేది. లాయర్లకు ఫ్రీగా పెడ్తారు."

"నువ్వు లాయరై మూడేండ్లాయ. ఇంగా క్లాసేంది?"

"లాయరైనాకనే ఈ క్లాసు. మధ్యాన్నం వచ్చినాక కాయలు కొట్టిచ్చుకొద్దాంలే."

గేటు పడింది. గోడ మేకుకు క్రిస్టినా నల్లకోటు వేలాడుతూ ఉంది. ఏసుమణి దాని వైపు చూస్తూ బజ్జీ ఒక కొరుకు కొరికింది. రెండో కొరుకు లోపలికి పోలేదు.

ఆమె భర్త ఏసన్న బస్సు డ్రైవరు. ఆరేళ్ల కిందట ఆయన బస్సును వెనక్కి తీస్తూ ఒక టీకొట్టు రేకుల కప్పును ఊడ్చుకుపోయాడు. మనుషులకేమీ కాలేదు, ఒక పాలగిన్నె మాత్రం చొట్టపోయింది. అయినా ఆయన్ను ఆరు రోజులు బండెక్కనివ్వలేదు. ఇరవై ఏళ్లు బస్సు తోలిన మనిషిని నోటుబుక్కు చేతికిచ్చి క్లాసులో కూర్చోబెట్టారు. ఆ క్లాసూ ఫ్రీనే. ఆ ఆరు రోజులూ ఆయన ఖాకీ చొక్కా ఇదే మేకుకు వేలాడింది.

పని చేసుకుంటున్న మనిషిని మళ్లీ క్లాసుకు పిలవడానికి లోకంలో ఇంకో కారణం ఉంటుందని ఏసుమణికి తెలియదు. మొదటి మెట్టు, పాప ఏదో యాక్సిడెంటు చేసింది. రెండో మెట్టు, లాయరు చేతిలో బస్సుండదు, మనుషులే ఉంటారు, కాబట్టి ఎవరో అమాయకుడు జైలుకు పోయాడు. మూడో మెట్టు, పాప ఒంటి మీది కోటు తీయించేశారు.

ఏసన్నను అడుగుదామంటే ఆయన తెల్లారుజామునే కోడుమూరు బస్సు మీద డ్యూటీకి పోయాడు. ఫోను చేస్తే ఎత్తుతాడు, ఎత్తితే స్టీరింగు మీద ఒక్క చెయ్యే ఉంటుంది, ఆ తర్వాతి మెట్టు తలచుకోలేక ఆమె ఫోను కింద పెట్టేసింది. క్రిస్టినాకు చేస్తే స్విచాఫ్. ఏసన్న క్లాసులో కూడా ఫోన్లు ఆపేయించారు. అన్నీ అచ్చు అట్లాగే జరుగుతున్నాయి.

ఏసుమణి గోడ మీదుగా పక్కింటి విశ్వాసమ్మను పిలిచింది.

"విశ్వాసమ్మా, ఎవరికీ చెప్పొద్దు. మా పాప కోసం ప్రార్థన చెయ్యి."

"ఏమైంది వదినా?"

"ఏమైందో తెల్దు. కోటు మాత్రం ఈడనే ఉండాది."

విశ్వాసమ్మ వచ్చి, చావు ఇంట్లో శవాన్ని చూసినట్టు కోటును చూసింది. "అయితే సోమవారం సుంకప్ప కేసో?"

ఏసుమణి పీట మీద కూలబడింది. సుంకప్ప కేసు క్రిస్టినా సీనియరు నీడ లేకుండా సొంతంగా పట్టిన మొదటి కేసు. కోడుమూరు దగ్గర పల్లెలో సుంకప్ప చేనికి పోయే దారిని పక్కచేను ఉరుకుందు దున్నేశాడు. పైగా అక్కడ ఏనాడూ దారే లేదంటున్నాడు. సోమవారం ఉరుకుందు కోర్టులో సాక్ష్యం చెబుతాడు, క్రిస్టినా అతన్ని ప్రశ్నించాలి. అది గెలిస్తే ఇంకో నాలుగు కేసులు ఆమెను వెతుక్కుంటూ వస్తాయి. పోతే మళ్లీ సీనియరు గారి ఫైళ్ల సంచి మోయాల్సిందే.

విశ్వాసమ్మ మాట మీద నిలబడే మనిషి, ఎవరికీ చెప్పలేదు. ప్రార్థనకు ఇద్దరుంటే మంచిదని అదే పల్లెలో ఉన్న చెల్లెలు సుంకమ్మకు మాత్రం ఫోను చేసింది. సుంకమ్మ కూడా ఎవరికీ చెప్పలేదు. కేసు అతనిదే కాబట్టి సుంకప్పకు ఒక్కడికే చెప్పింది. సుంకప్పకు ప్రార్థన అలవాటు లేదు. బస్సెక్కాడు.

అర్ధగంటకు విశ్వాసమ్మ ఫోను పట్టుకొని పరుగున వచ్చింది.

"వదినా, సుంకప్ప వస్తాండాడంట. ఫైలు వాపసు తీస్కపోతాడంట. మీ పాప యాడుండాదని అడిగె, లైబ్రరీలో అని చెప్పినా."

"ఏంటికి చెప్పినావే?"

"అడిగినప్పుడు అబద్ధం చెప్పమంటావా?"

సుంకప్ప ఎక్కింది ఏసన్న బస్సేనని తర్వాత తెలిసింది. కూతురి మొదటి కేసును ఊడబీకడానికి బయల్దేరిన మనిషిని తండ్రే స్వయంగా, ఏనాడూ లేనంత సరిగ్గా టైముకు కర్నూలు చేర్చాడు.

ఏసుమణికి ఇలాంటి ఆపదలో చేయవలసిన పని ఒకటే తెలుసు. టీకొట్టు గొడవలో ఆమె ఒక సంచి బంగినపల్లి పండ్లతో డిపోకు పోయి, పెద్దాయన గది ముందు నిలబడి ఏడ్చింది. ఏడో రోజు ఏసన్న బండెక్కాడు. ఆ క్లాసే ఆరు రోజులని ఏసన్న ఇప్పటికీ అంటాడు. పండ్ల వల్లేనని ఏసుమణికి తెలుసు. ఇంట్లో సీజను చివరి బంగినపల్లి పండ్లు ఎనిమిది ఉన్నాయి. వాటిని సంచిలో వేసుకొని, కాళ్లకు దొరికిన చెప్పులు తొడుక్కొని, ఎదురుగా వచ్చిన ఆటో ఎక్కేసింది.

లా లైబ్రరీ గుమ్మం దగ్గర కంబన్న అనే ఉద్యోగి రిజిస్టరు ముందు పెట్టుకొని కూర్చున్నాడు. లోపలికి చీమ పోయినా సంతకం పెట్టాల్సిందేనన్న మనిషి ఆయన.

"పేరు, నంబరు, సంతకం."

ఏసుమణి పేరు రాసింది. ఏ నంబరో అర్థం కాలేదు. అడిగితే పాపకే చెడ్డపేరని, తనకు నోటికొచ్చిన ఒకే ఒక్క నంబరు, గ్యాస్ పుస్తకం మీదిది, గళ్లు దాటి పోతున్నా పూర్తిగా రాసి సంతకం చేసింది. కంబన్న పక్క గడిలో టిక్కు పెట్టాడు.

లోపల పుస్తకాల బీరువాల మధ్య నలభై మంది లాయర్లు బల్లల ముందు కూర్చొని రాసుకుంటున్నారు. ఒక్కరికీ కోటు లేదు. ఇంత మంది యాక్సిడెంట్లు చేశారా అనుకుంది ఏసుమణి. ముందు వరసలో క్రిస్టినా తల వంచుకొని, తప్పు ఒప్పుకుంటున్నదానిలా గబగబా రాస్తోంది. ఏసుమణి చివరి కుర్చీలో కూర్చుంది.

పాఠం చెబుతున్నది పరమేష్ గారనే రిటైరైన జడ్జి. "సాక్షిని ప్రశ్నించడం ఎట్లాగో గంటసేపు చెప్పాను. ఇది వింటే వచ్చే విద్య కాదు, అడిగి చూడాలి," అని ఆయన కళ్లద్దాలు సరిచేసుకున్నాడు. "ఈ గదిలో లాయరు కానివాళ్లు ఎవరైనా ఉన్నారా?"

దొరికిపోయాననుకొని ఏసుమణి సంచితో సహా లేచి నిలబడింది. క్రిస్టినా వెనక్కి తిరిగింది. ఆమె చేతిలోని పెన్ను కింద పడింది.

"మంచిదమ్మా, వచ్చి ఈ కుర్చీలో కూర్చోండి. ఈమె ఇక్కడికి ఎందుకొచ్చిందో నాకు తెలియదు, మీకూ తెలియదు. ప్రశ్నలు వేసి చెప్పించండి. అమ్మా, మీకు చెప్పాలనిపిస్తేనే చెప్పండి."

ఏసుమణికి అర్థమైపోయింది. ఇదే ఎంక్వయిరీ. తను నోరు జారితే పాప బతుకు అయిపోయినట్టే. పెదవులు బిగించి కూర్చుంది.

మొదట సన్న మీసాల లాయరు లేచాడు. "మీ పేరు?"

"రిజిస్టర్లో రాసినా."

"ఇక్కడికి ఎప్పుడొచ్చారు?"

"మీరంతా కూసున్నాక."

"ఎందుకొచ్చారు?"

"రాగూడదా?"

అతడు కూర్చున్నాడు. గొంతు పెద్దదైన ఇంకో లాయరు ముందుకొచ్చాడు. "ఆ సంచిలో ఏముంది?"

"పండ్లు."

"ఎవరి కోసం?"

"తినేటోళ్ల కోసం."

"ఇక్కడున్న ఒక మనిషికి ఇవ్వడానికే తెచ్చావు. అవునా, కాదా?"

"నీకు కావాల్నా నాయనా?"

ఆయన ఒక పండు పుచ్చుకొని వెనక్కి పోయాడు. మూడోసారి శివజ్యోతి అనే లాయరమ్మ దగ్గరికొచ్చి మెత్తగా అడిగింది. "బయపడొద్దు పెద్దమ్మా. నిన్ను ఎవరన్నా ఏమన్నా అన్నారా?"

"ఈడికొచ్చినాక మీరు ముగ్గురే అంటాండారు."

పరమేష్ గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ముప్పై ఏళ్లు బెంచి మీద కూర్చున్నాను, ఇలాంటి సాక్షి దొరకలేదు. ఇంకెవరు? ముందు వరసలో తల దాచుకున్న అమ్మాయీ, మీరు రండి."

మొదటి లాయరు లేచినప్పటి నుంచి కిటికీ బయట నిలబడి వింటున్న సుంకప్ప, తలకు తువ్వాలు చుట్టుకొని, సరిగ్గా అప్పుడే గుమ్మంలోకి వచ్చాడు. కంబన్న రిజిస్టరు అడ్డం పెట్టాడు.

"నేను పెట్టనప్పా. సంతకం పెట్టే ఈ కేసులో ఇరుక్కున్యా," అని సుంకప్ప గడప దగ్గరే నిలబడిపోయాడు.

క్రిస్టినా మెల్లగా కుర్చీ ముందుకు వచ్చింది. నన్నేమీ అడగొద్దని తల్లి కళ్లతోనే చెబుతోంది. క్రిస్టినా ఆ కళ్లలోకి చూడలేక తల దించింది. తల్లి ఎడమ కాలికి తల్లి చెప్పే ఉంది, కుడి కాలికి మాత్రం నాన్న చెప్పు ఉంది. మలుపు దగ్గరి నుంచి రెండుసార్లు వెనక్కి వచ్చిన మనిషి కాళ్లు కావవి.

"ఒకటే ప్రశ్న," అంది క్రిస్టినా. "ఇల్లు విడిచేటప్పుడు గ్యాస్ కట్టేసినావా?"

ఏసుమణి చేతిలోని సంచి జారి, పండ్లు జడ్జి గారి బల్ల కిందికి దొర్లాయి.

"అయ్యో పాపా, చూడనేలేదే. మలుపు కాడి నుంచి వెనక్కి పోనేలేదు. ఎట్ల పోదును, సుంకప్ప ఫైలు తీస్కపోను వస్తాండాడని విశ్వాసమ్మ చెప్పె. దానికి నేనే చెప్పినా, ఎవరికీ చెప్పొద్దని గూడా చెప్పినా. మీ నాయన రేకులు గుద్దినప్పుడు గూడా ఇట్లనే క్లాసు పెట్టిరి, ఇట్లనే ఫ్రీ అనిరి, చొక్కా మేకుకే ఉన్నె. నీ కోటు గూడా మేకుకే ఉండాది. నువ్వెవర్ని జైలుకు పంపినావో నాకు తెల్దు పాపా, కానీ ఆ సారు మంచోడుగా ఉన్నాడు, ఆ పండ్లు ఆయనకే తెచ్చినా..."

ఐదు నిమిషాలు ఊపిరి తీసుకోకుండా చెప్పింది. తేదీలతో సహా.

"సార్, ఈమె మా అమ్మ," అంది క్రిస్టినా.

"గ్యాస్ మాట దగ్గరే అనుకున్నాను," అని పరమేష్ గారు వంగి ఒక పండు తీసి బల్ల మీద పెట్టాడు. "అమ్మా, మీ అమ్మాయి ఏ యాక్సిడెంటూ చేయలేదు. సెలవు కాబట్టి కోటు వేసుకోలేదు. ఇక్కడున్నవాళ్లంతా ఇంకా నేర్చుకుందామని ఇష్టపడి వచ్చినవాళ్లు."

"సెలవు పూట, ఇష్టపడి?" అంది ఏసుమణి. ఆ ఒక్క ముక్క మాత్రం ఆమె నమ్మలేదు.

గడప దగ్గర సుంకప్ప గొంతు సవరించుకున్నాడు. "లాయరమ్మా, నేను ఫైలు తీస్కపోదామనే వచ్చినా."

క్రిస్టినా తలెత్తి చెప్పింది. "నీ ఫైలు నీది సుంకప్పా. అడిగితే ఇచ్చేస్తా."

"ఉండు. ముగ్గురు పెద్ద లాయర్లు అడిగినా రాని మాట నువ్వు ఒక్క మాటకే కక్కిస్తివి. ఉరుకుందును గూడా ఇట్లనే అడుగుతావా?"

"వానికేమంటే బయమో నాకు తెల్దు కదా."

"ఊరందరికీ తెల్సు. వాని పెండ్లామంటే బయం."

క్రిస్టినా కింద పడిన పెన్ను తీసుకుంది. "ఆయమ్మ చేనికి బువ్వ ఏ దారిన తెస్తాది?"

సుంకప్ప తువ్వాలు విప్పి ముఖం తుడుచుకొని, ఆ రోజంతటిలో మొదటిసారి నవ్వాడు. "ఏ దారేంది లాయరమ్మా. నా దారే."

తల్లీకూతుళ్లు ఇల్లు చేరేసరికి గ్యాస్ కట్టేసే ఉంది. వీధి తలుపులు మాత్రం బార్లా తెరిచి ఉన్నాయి. విశ్వాసమ్మ గడప మీద కాపలా కూర్చొని చల్లారిన బజ్జీలు తింటోంది.

సోమవారం ఉరుకుందు అక్కడ ఏనాడూ దారే లేదని రెండుసార్లు గట్టిగా చెప్పాడు. క్రిస్టినా ఆ జోలికే పోలేదు. మీ ఇంటామె చేనికి బువ్వ ఏ దారిన తెచ్చేదని అడిగింది. ఆ ఇంటామె కోర్టు గుమ్మం పక్కనే కొంగు నడుముకు చుట్టి నిలబడి ఉంది. ఉరుకుందు జడ్జిని చూశాడు, భార్యను చూశాడు, ఇద్దరిలో ఎవరితో సాయంత్రం ఇంటికి పోవాలో ఆలోచించుకొని నిజం చెప్పాడు.

వారం తిరిగాక లైబ్రరీ నుంచి క్రిస్టినా రెండు సర్టిఫికెట్లు తెచ్చింది. ఒకటి ఆమెది. రిజిస్టర్లో సంతకం ఉన్న ప్రతి ఒక్కరికీ ఇవ్వాల్సిందేనని కంబన్న పట్టుబట్టడంతో రెండోది ఏసుమణిది. పేరు కింద గ్యాస్ నంబరు ఒక్క అంకె తప్పు లేకుండా అచ్చయింది. ఏసుమణి దానికి దారం కట్టి గోడ మేకుకు తగిలించింది.

సాయంత్రం డ్యూటీ దిగి వచ్చిన ఏసన్న ఖాకీ చొక్కా విప్పి, మేకు దగ్గరికి వెళ్లి ఆగాడు. సర్టిఫికెట్టును పైనుంచి కింది దాకా నిదానంగా చదివి భార్య వైపు తిరిగాడు.

"ఏమే, నువ్వేం యాక్సిడెంటు చేసినావు?"