ఫస్టున పాసైన చూపు

ఒక పెద్ద అడవిలో ముసలి జంతువుల కళ్ళకి పొరలొచ్చాయి. పొర తీసే డాక్టరు కొంగ ఉంది. తీయించుకునేవాళ్ళే లేరు. అందరికంటే ముదిరింది సింగారమ్మకి. ఆవిడ ఏనుగుల గుంపుకి పెద్దదిక్కు, ముందు నడిచేది ఆవిడే. మొన్న గుంపునంతా తిన్నగా ఊబి అంచుకి తీసుకుపోయింది.

ఆరోగ్యాధికారి నక్క 'ఉచిత కంటి పరీక్ష' అని బోర్డు పెట్టింది. వారమైనా ఒక్క ముసలి ప్రాణీ రాలేదు.

"ఎందుకు రావు అవ్వా?" అని అడిగింది నక్క.

"ఈ వయసులో పరీక్షలేంటి నాయనా? తప్పితే మనవల ముందు తలెత్తుకోగలనా?" అంది సింగారమ్మ.

అదీ సంగతి. పరీక్ష అన్న మాటకే జడుసుకున్నారు. ఆ ఒక్క మాట మారిస్తే పోయేది. కానీ బోర్డు మార్చాలంటే సింహంగారి సంతకం కావాలి, ఆయన నిద్రలో ఉన్నారు. అందుకని నక్క మాటని వదిలేసి ముసలాళ్ళని మార్చింది. చిలకని ఇంటింటికీ పంపి, కొంగ చూపించబోయే అక్షరాలు ముందే బట్టీ పట్టించింది.

"మూడో వరసలో ఏముందవ్వా?"

"ట, ప, ళ, ణ."

"శెభాష్."

పరీక్ష రోజు అందరూ తలస్నానాలు చేసి మరీ వచ్చారు. సింగారమ్మ కూర్చుంటూనే నాలుగు వరసలూ గడగడా అప్పజెప్పింది.

"అక్షరాల అట్ట ఇంకా తగిలించలేదవ్వా," అంది కొంగ. "ఇలా రా, కన్ను చూస్తాను."

నక్క అడ్డం పడింది. "పాసైనవాళ్ళని మళ్ళీ చూడ్డం రూల్సులో లేదు డాక్టరుగారూ."

నూటికి నూరు శాతం పాసు. అడవిలో ఒక్కరికీ పొర లేదని రిపోర్టు వెళ్ళింది. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. చేతికందే దూరంలో డాక్టరుండి కూడా ఆవిడ కన్ను అలాగే ఉండిపోయింది.

సన్మాన సభ పెట్టారు. సింహంగారు నిద్ర లేచి స్వయంగా పిలిచారు. సింగారమ్మ మురిసిపోతూ వేదికెక్కి, మెత్తగా తగిలిన కుర్చీలో కూర్చుంది. అందులో అప్పటికే నక్క ఉంది.

"అవ్వా, కనబడ్డం లేదా?" అని అడుగునించి సన్నగా వినిపించింది.

"కనబడకపోవడమేంటి నాయనా, ఫస్టున పాసైతేనూ," అంటూ ఆవిడ ఇంకాస్త సర్దుకుని కూర్చుంది.

నక్క నడుం విరిగింది. కట్టు కడుతూ కొంగ అడిగింది, "ఇప్పుడైనా ఆవిడ కన్ను చూడనా?"

"వద్దండీ, నా రిపోర్టు తప్పైపోతుంది," అని మూలిగింది నక్క.

మర్నాడు సింగారమ్మ సర్టిఫికెట్ మెడలో వేసుకుని గుంపుని నీళ్ళకి బయల్దేరదీసింది. పిల్ల ఏనుగులు బిక్కుబిక్కుమంటూ వెనక నడిచాయి. ఎదురొచ్చిన జంతువులు పొదల్లోకి దూకాయి.

నీతి: కంటి పరీక్ష పాసైనవాళ్ళు వస్తుంటే, కళ్ళున్నవాళ్ళే తప్పుకోవాలి.