తువ్వాల కింద దినారు

ఆ ఆదివారం పొద్దున సేతుమాధవరావు పెట్టుకున్న పని చాలా చిన్నది. ఆదోనిలో బస్సెక్కి ఎమ్మిగనూరు పోవాల. కువైట్ నుంచి సెలవు మీద వచ్చిన యేసేపు దగ్గర టూ-ఇన్-వన్ కొనాల. మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరాల. అంతే. ఎనభై మూడులో సంగతి ఇది. రేడియో, టేపు రెండూ ఒకే పెట్టెలో ఉండే ఆ వస్తువు కోసం జనం ప్రాణం పెట్టేవాళ్లు. ఫారిన్ సరుకు అంటే ఇంకా చెప్పాల్సిన పనే లేదు.

ఇంత చిన్న పనికి ఆయన ఆరేళ్లు తీసుకున్నాడు. బడిలో లెక్కలు చెప్పే అయ్యవారు కదా, ఏ వస్తువు ఏ దేశంలో ఎంతో తేల్చుకోకుండా కొనడమంటే ఏకాదశి నాడు ఉల్లిగడ్డ తిన్నట్టు ఉండేది ఆయనకి. మంత్రాలయం పోయినప్పుడు చూడాల. ప్రదక్షిణం చేస్తా చేస్తానే, ముందర పోయే సింగపూరు భక్తుని పక్కకి జరిగి, మీ ఊర్లో రెండు స్పీకర్లది ఎంత స్వామీ అని అడిగేవాడు. ఇంకో గురువారం దుబాయి వాళ్లు దొరికేవాళ్లు, ఇంకో గురువారం లండన్ వాళ్లు. ఏ దేశంలో ధర ఎంత, ఆ దేశం దుడ్డు మన రూపాయల్లో ఎంత, బొంబాయిలో కస్టమ్స్ వాళ్లు ఎంత గుంజుతారు, మన పోస్టాఫీసులో రేడియో లైసెన్సుకి ఎంత కట్టాల, అన్నీ నోటికి వచ్చు. ఇంట్లో మాత్రం నెత్తిన ఒక దెబ్బ వేస్తే గానీ పలకని పాత రేడియో.

ఊర్లో ఆయనకి 'రేట్ల రావు' అని పేరు పడిపోయింది. ఫారిన్ సరుకు ఉన్నోళ్లు ఆయన కనపడితే చాలు, అమ్మేది లేదు పో అనేవాళ్లు. అంతా విని సగం తెరిచిన గొడుగు మాదిరి నవ్వేవాడు గానీ, లోపల ముల్లు ఉండనే ఉంది.

భార్య తులసీబాయి చీటీ ఎత్తిన దుడ్లు, పన్నెండు వందలు, గుడ్డలో మూట కట్టి ఆయన చేతిలో పెట్టింది.

"ఈసారి కూడా ఉత్త రేట్లే మోసుకొని వచ్చినారంటే, ఈ దుడ్లు వంటింటి కప్పుకి పోతాయి. మళ్లీ ఈ ఇంట్లో టేపు మాట ఎత్తకూడదు. ఆడ సింగపూరు పేరు తీయొద్దండి. మీకు దండం పెడతా."

తీయనని ఒట్టు పెట్టినాడు. కానీ తన నోటి సంగతి తనకి తెలుసు. అందుకే ఎమ్మిగనూరులో దిగినవాడు దిగినట్టు పశువుల సంతలోకి పోయి సుంకప్పను పట్టుకున్నాడు. సుంకప్ప గొడ్ల దళారి. మూడో తరగతి దాకా ఇద్దరూ ఒకే చాప మీద కూర్చొని చదివినోళ్లు. ఎంత బిగిసిన రైతైనా సుంకప్ప తువ్వాల కింద చెయ్యి పెడితే మెత్తబడాల్సిందే అని ఆ సీమంతా పేరు.

ఆ తువ్వాల సంగతి తెలియనోళ్లకు ఒక్క మాట చెప్పాల. సంతలో ఎద్దు ధర నోటితో అడగరు. అమ్మేవాడు, బేరం చేసేవాడు చేతులు కలుపుతారు, పైన తువ్వాల కప్పుతారు. లోపల వేళ్లు పట్టుకొని ధర తేలుస్తారు. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, నాలుగు పట్టుకుంటే నాలుగు. నాలుగు పదులా, నాలుగు వందలా అని ఎవరూ అడగరు. ఎద్దును చూస్తే తెలుస్తాది కదా. బేరం కుదిరితే తువ్వాల తీసి చేతిలో చెయ్యి వేసి చరుస్తారు. చరిచినాక వెనక్కి పోవడం ఉండదు. పోయినోడి మొహం మళ్లీ సంతలో ఎవరూ చూడరు.

"నువ్వు నోరు మూసుకొని ఉంటే సాలు అయివారూ. అది ఎద్దైతేనేమి, పెట్టైతేనేమి. నాకు వచ్చిన ఇద్దె ఈ తువ్వాల ఒకటే," అన్నాడు సుంకప్ప.

యేసేపు నాన్న కూడా ఈ సంతలోనే ఎద్దులు అమ్మిన మనిషి. కాబట్టి యేసేపుకి తువ్వాల కొత్త కాదు. కానీ నాలుగేళ్లుగా కువైట్‌లో డ్రైవరు. జీతం దినార్లలో, ఖర్చు దినార్లలో, అప్పుడప్పుడు వచ్చే కలలు కూడా దినార్లలోనే. హుసేనమ్మ టీ బంకు ముందర మంచం మీద పెట్టెను పెట్టి కూర్చొని ఉన్నాడు. చుట్టూ జనం. ఎద్దులకి వచ్చినోళ్లు ఎద్దుల్ని మరిచిపోయి ఆడ చేరినారు.

సుంకప్ప పెట్టె చుట్టూ ఒకసారి తిరిగినాడు. వెనక నుంచి చూసినాడు, పక్క నుంచి చూసినాడు. నడుము మీద బొటనవేలితో అదిమినాడు. ఏరియల్ పూర్తిగా లాగి, తోక బాగా సాగింది అన్నాడు. మీట నొక్కితే క్యాసెట్టు తలుపు తెరుచుకుంది. వంగి లోపలికి చూసి, "నోరు తెరిసింది గానీ పళ్లే లేవు కదప్పా," అన్నాడు. యేసేపు క్యాసెట్టు పెట్టి పాట వేసినాడు. సంతలో సగం ఎద్దులు తల తిప్పి చూసినాయి. గొంతు మాత్రం ఒప్పుకోవాల్సిందే అని సుంకప్ప తువ్వాల తీసినాడు.

చేతులు లోపలికి పోయినాయి. సేతుమాధవరావు పళ్లు బిగబట్టుకొని సుంకప్ప మొహం చూస్తా నిలబడినాడు. సుంకప్ప మూడు వేళ్లు పట్టుకున్నాడు. యేసేపు తల అడ్డంగా ఊపి, ఐదూ పట్టించినాడు. సుంకప్ప మొహం ఒక్క క్షణం రాయి అయిపోయింది. పన్నెండు వందల దాకా పోవచ్చని అయ్యవారు చెప్పి ఉంటే, వీడు ఐదు వందల కాడనే దిగినాడే. ఆలస్యం చేస్తే మనసు మారుతాదని నాలుగు వేళ్లు గట్టిగా పట్టుకున్నాడు. యేసేపు కొంచెం ఆలోచించి, సరే అన్నట్టు నొక్కినాడు. తువ్వాల లేచింది. చేతిలో చెయ్యి పడింది.

సుంకప్ప అయ్యవారి చెవి దగ్గరకి వచ్చి ధర చెప్పినాడు. నాలుగు వందలు.

సేతుమాధవరావుకి ఆరేళ్ల లెక్కలు కళ్ల ముందర తిరిగినాయి. కువైట్‌లో కాదు, దుబాయిలో కాదు, ఆ పెట్టెను తయారు చేసే జపాను ఫ్యాక్టరీ గేటు ముందర కూర్చొని అడుక్కున్నా ఆ ధరకి రాదు. పొద్దున పెట్టిన ఒట్టు యాడికి పోయిందో ఏమో, గట్టిగా అనేసినాడు.

"ఈ ధర ప్రపంచంలో ఏ దేశంలోనూ లేదప్పా."

అది ఆయన అనుమానంతో అన్న మాట. సంతకి మాత్రం అది సర్టిఫికెట్ మాదిరి వినపడింది. రేట్ల రావు పేరు ఎమ్మిగనూరులో కూడా తెలియంది కాదు. అంత మనిషి నోట ఇంత మాట వచ్చిందంటే ఇంక చూసుకునేది ఏముంది? ధర ఎంతో సుంకప్ప బయటికి చెప్పలేదు. కానీ చెవిలో చెప్పిన మాట బంకులో టీ పోస్తాండే హుసేనమ్మ చెవిలో కూడా పడింది. ఆమె గ్లాసు ఆడనే పెట్టి, చెయ్యి కొంగుకి తుడుచుకొని వచ్చి, అదే కొంగు తువ్వాల మాదిరి కప్పి, యేసేపు నాలుగు వేళ్లు పట్టుకుంది. నాకూ ఒకటి, వచ్చే తడవ తెచ్చియ్యి నాయనా అంది. ఆమె వెనక ఇంకొకడు. వాని వెనక దళారులంతా. ఒక్కొక్కరే వచ్చి నాలుగు వేళ్లు పట్టుకోవడం, చెయ్యి చరవడం, పోవడం. యేసేపుకి నిద్రలో ఉన్నట్టు ఉంది. ముప్పై రెండు దినార్ల పెట్టె, అడిగినోళ్లంతా నలభైకి ఒప్పుకుంటాండారు. కువైట్‌లో డ్రైవరు పని మానేసి దుకాణమే పెట్టొచ్చు అనుకున్నాడు. అందరికీ సరే, సరే అని చరిచినాడు.

అప్పుడు సేతుమాధవరావు మూట విప్పి నాలుగు వందలు లెక్కపెట్టి మంచం మీద పెట్టినాడు.

యేసేపు ఆ నోట్లు చూసి, మిగతావి ఎప్పుడు సార్ అన్నాడు. మిగతావి ఏంటివప్పా అని సుంకప్ప. నలభై దినార్లు కదన్నా అని యేసేపు. సుంకప్ప తువ్వాల తీసి మంచం మీద విసిరికొట్టినాడు.

"మా నాయన కాలం నుంచి ఈ గుడ్డ కింద రూపాయి తప్ప ఇంకోటి దూరలేదు. దినారు యాడ నుంచి వచ్చిందిరా?"

"నా పెట్టె యాడ నుంచి వచ్చిందో ఆడ నుంచే వచ్చిందన్నా."

ఇంక చూడాల సంత. చేతులు చరిచినోళ్లంతా సుంకప్ప పక్కకి వచ్చేసినారు. వాళ్లవి కూడా నాలుగు వందల బేరాలే కదా. యేసేపుకి ఇప్పుడు తెలివి వచ్చింది. నాలుగు వందల లెక్కన సంతకంతా పెట్టెలు తేవాలంటే ఇల్లు అమ్మినా చాలదు. తేకుంటే నాన్న పేరు పోతాది. మొహం సున్నం కొట్టిన గోడ అయిపోయింది. గొడవ ముదిరేసరికి ఎవరో పోయి గోవిందన్నను పిలుచుకొచ్చినారు. డెబ్బై దాటిన పెద్ద దళారి. ఆయన చెప్పిందే సంతకి తీర్పు.

గోవిందన్న అంతా విని, వక్క కొరికి, ఇది కొత్త జగడం కాదు అన్నాడు. నిజాం కాలంలో రాయచూరు పక్క నుంచి ఎద్దులు వచ్చేవంట. అమ్మినోడు నిజాం రూపాయి అనేవాడు, కొన్నోడు తెల్లోళ్ల రూపాయి అనేవాడు. రెండిటికీ విలువలో తేడా. కొట్టుకొని తలలు పగిలినాక అప్పటి పెద్దలు ఒక కట్టు చేసినారు.

"ఎద్దు ఏ సీమదైతే దుడ్డు ఆ సీమది. ఇది కువైటు ఎద్దు. కాబట్టి దినారే."

యేసేపుకి ప్రాణం లేచి వచ్చింది. కానీ గోవిందన్న ఇంకా ముగించలేదు. వేళ్లు నాలుగు. నాలుగు దినార్లా, నలభయ్యా? అది తేలాలంటే ఆ సీమలో దీని ధర ఎంతో తెలియాల. అమ్మేవాని మాట చెల్లదు. ఈడ ఇంకెవరికి తెలుసు అని చుట్టూ చూసినాడు.

సంతలో ఉన్న తలలన్నీ సేతుమాధవరావు పక్కకి తిరిగినాయి.

సుంకప్ప పక్కనే ఉండి మోచేత్తో పొడిచినాడు. "నాలుగని సెప్పు అయివారూ. ఒక్క మాట. పెట్టె ఎత్తుకొని పోదాం."

సేతుమాధవరావు మనసులో లెక్క అప్పటికే అయిపోయింది. నాలుగు దినార్లంటే నూట నలభై రూపాయలు. నలభై అంటే పద్నాలుగు వందలు, తన మూటలో అంత లేదు. నాలుగు అంటే పెట్టె ఇంటికి వస్తాది, మూటలో వెయ్యికి పైగా మిగులుతాది, తులసీబాయి నవ్వుతాది. నలభై అంటే పెట్టె యేసేపుతోనే పోతాది, తను జీవితాంతం రేట్ల రావే. నోరు తెరిచినాడు. అబద్ధం గొంతు దాకా వచ్చింది. కానీ ఆరేళ్లలో మొట్టమొదటిసారి ఒకరు తనని ధర చెప్పమని అడిగినారు. వద్దు పో అనలేదు. సంతంతా ఊపిరి బిగబట్టి వింటాంది. ఇట్లాంటప్పుడు తప్పు రేటు చెప్పడం ఆయన వల్ల కాలేదు.

"కువైట్‌లో ముప్పై రెండు దినార్లు. దినారు ముప్పై ఐదు లెక్కన మనకు పదకొండు వందల ఇరవై. దుబాయిలో నాలుగు వందల ఇరవై దిర్హాములు, అదీ ఇంచుమించు అంతే. సింగపూరులో ఇంకో యాభై తక్కువ. యాడ చూసినా నాలుగు దినార్లకి దీని తోక కూడా రాదు. యేసేపు చెప్పింది నలభయ్యే."

సుంకప్ప నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. గోవిందన్న తలూపి, నలభై దినార్లు అని తీర్పు చెప్పేసినాడు. చెప్పి, చెయ్యి చరిచిన వాళ్లందరి పక్కకి చూసి, మీకూ అంతేనప్పా, అందరూ తలా పద్నాలుగు వందలు సిద్ధం చేసుకోండి అన్నాడు.

సంతలో ఎవరో దీపం ఊదినట్టు అయింది. హుసేనమ్మ బంకు మొత్తం అమ్మినా పద్నాలుగు వందలు రావు. జోడెద్దులే అంత ధర పలికే రోజులవి. చరిచిన చేతిని వెనక్కి తీసుకునే దారి లేదు. హుసేనమ్మ ఏడుపు గొంతుతో, అయ్యవారూ, ఇన్ని దేశాలు తెలిసినోడివి, మేం బయటపడే దారి ఒకటి సెప్పు అంది.

అప్పుడు సేతుమాధవరావు మంచం మీద కూర్చున్నాడు. కాలు మీద కాలు కూడా వేసుకున్నాడు. కస్టమ్స్ గురించి ఎవరైనా ఆలోచించినారా అని అడిగినాడు. మనిషి వెంబడి ఒక పెట్టె వస్తే బొంబాయిలో చూసీ చూడనట్టు వదులుతారు. రెండోది కనపడితే పెట్టె ధరకి మించి పన్ను వేస్తారు. అంటే తెచ్చే ప్రతి పెట్టె మీదా యేసేపుకి ఎనిమిది వందలకి పైగా నష్టం. కొనేవాళ్లు కొనలేరు, తెచ్చేవాడు తేలేడు. ఇద్దరికీ ఇష్టం లేని బేరం విడిచిపెట్టడానికి మీ సంతలో ఏం అడ్డం ఉందని గోవిందన్ననే అడిగినాడు.

గోవిందన్న నోట్లో వక్క ఉమ్మేసినాడు. ఏం అడ్డం లేదన్నాడు.

హుసేనమ్మ అందరికన్నా ముందు చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ రోజు ఆమె టీకి ఎవరి దగ్గరా దుడ్డు తీసుకోలేదు. ఎమ్మిగనూరు చరిత్రలో అది ఒక్కసారే. యేసేపైతే చెమట తుడుచుకుంటా లేచి నిలబడినాడు. ఈ మనిషి నోరు మెదపకుంటే, బొంబాయిలో కస్టమ్స్ బల్ల ముందర పెట్టెల గుట్టతో నిలబడి ఉండేవాడు తను. పెట్టెను తెచ్చి సేతుమాధవరావు ఒళ్లో పెట్టినాడు. పద్నాలుగు వందలు లేవప్పా, ఉన్నది పన్నెండే అని ఆయన అంటే, ఎద్దు అమ్మినోడు కొన్నోడికి పగ్గానికని ఎంతో కొంత తిరిగిచ్చేది మా నాన్న నాటి మర్యాద సార్, రెండు వందలు పగ్గానికి అన్నాడు. సుంకప్ప దళారి రుసుం వద్దన్నాడు గానీ, పెట్టెను బస్సు దాకా తనే నెత్తిన పెట్టుకొని మోసినాడు. వెనక సగం సంత నడిచింది. బస్సు కండక్టరు పెట్టెకి లగేజీ టికెట్ కొట్టబోతే, జనం వాణ్ణి చూసిన చూపుకి టికెట్ల కట్ట మళ్లీ సంచిలో పెట్టుకున్నాడు.

సాయంత్రం ఆదోనిలో వీధి వీధంతా వినపడేటట్టు పాట వేసినాడు సేతుమాధవరావు. తులసీబాయి గడప మీద కూర్చొని మూడు పాటలు విని, నాలుగో దానికి ముందర, ఇంతకీ ఏ దేశం రేటుకి ఇచ్చినాడు అని అడిగింది. ఆయన శబ్దం ఇంకొంచెం పెంచినాడు.

ఎమ్మిగనూరు సంతలో మాత్రం ఆనాటి నుంచి, అమ్మేది పక్కనే ఉన్న కోసిగి ఊరి దూడైనా సరే, ఏ దేశపు దుడ్డో తేల్చుకున్నాకే తువ్వాల కింద చెయ్యి పెడతాండారు.